పది శాతం తగ్గింపు

సోమవారం పొద్దున లైట్ల మేస్త్రి చేతిలో ఉన్నవి ఇవి: పన్నెండు వేల నాలుగు వందల నగదు, మూడు వాయిదాలు తప్పిన వ్యాను ఒకటి, ఇంటి పక్క షెడ్డులో ఎనిమిది వందల మీటర్ల సీరియల్ లైట్లు, అందులో వెలిగేవి ఆరు వందల మీటర్లు. ఇవి కాక, పదకొండు పెళ్ళిళ్ళకు లైట్లు పెట్టి రాబట్టుకోలేకపోయిన లక్షా ఎనభై వేల బాకీ. రావలసినదాన్ని ఉన్నదాని కింద లెక్కేయకూడదని అతనికి తెలుసు. అయినా రాసుకునేవాడు. రాసుకోకపోతే పొద్దున లేవబుద్ధి కాదు.

ఆ బాకీ ఫంక్షన్ హాలు ఓనరుది. శుక్రవారం లోపు నలభై అయిదు వేలు కట్టకపోతే వ్యాను తోలుకుపోతామని ఫైనాన్సు మనిషి చెప్పి వెళ్ళాడు. వ్యాను లేకపోతే లైట్లు షెడ్డు దాటవు. అందుకని మేస్త్రి పొద్దున్నే హాలుకు వెళ్ళి, డబ్బు చేతిలో పడేదాకా లేవకూడదని ఓనరు గది ముందు బెంచీ మీద కూర్చున్నాడు.

ఓనరు లోపలికి పిలిచి టీ తెప్పించాడు. బాకీ అడగడానికి వచ్చినవాడికి టీ తెప్పించడం ఆయన పద్ధతి. ఈ పదకొండు పెళ్ళిళ్ళ మీద మేస్త్రి పాతిక టీలైనా తాగి ఉంటాడు. ఈసారి టీతో పాటు ఒక మాట కూడా వచ్చింది. కౌంటరు గుమాస్తా పని మానేశాడు. వచ్చే నెల పెళ్ళిళ్ళున్న ఇద్దరు ఈ వారం మిగతా డబ్బు కట్టడానికి వస్తున్నారు. పొద్దున పూట రెండు గంటలు కౌంటరులో కూర్చుని, డబ్బు తీసుకుని రసీదు ఇస్తే, అందులోంచి ముందు తన బాకీ తనే తీసేసుకోవచ్చు.

"నగదైతే పది శాతం తగ్గిస్తామని చెప్పు. కార్డు మిషను పాడైంది," అన్నాడు ఓనరు. "నీ బాకీ నీ చేత్తో నువ్వే తీసుకో మేస్త్రీ. నన్నింక తిట్టుకోకు."

మేస్త్రికి అందులో తప్పేమీ కనిపించలేదు. అతని షెడ్డు తలుపు మీదా 'కార్డుకు రెండు శాతం అదనం' అని బోర్డుంది. రెండేళ్ళ కిందట ఒక పెళ్ళిలో గంటసేపు లైట్లు ఆరిపోతే, కార్డుతో కట్టిన ఆ పార్టీవాళ్ళు బ్యాంకుకు ఫిర్యాదు రాసి, అతని ఖాతాలో పడ్డ నలభై వేలు వెనక్కి లాగించారు. జేబులో చెయ్యి పెట్టి తీసుకున్నట్టే తీసుకున్నారు. ఆ తర్వాత వారం తిరగకుండా ఆ బోర్డు వేలాడదీశాడు.

పది గంటలకు వెల్డరు వచ్చాడు. గేట్లూ కిటికీ ఊచలూ చేసే మనిషి, ముంజేతుల నిండా నిప్పురవ్వలు పడ్డ మచ్చలు. కూతురి పెళ్ళి. కట్టవలసింది లక్ష, తగ్గింపు పోగా తొంభై వేలు. సన్నటి ఇనుప తీగతో కట్టిన నోట్ల కట్టలు సంచీలోంచి తీసి బల్ల మీద పెట్టి, ఎనభై అయిదుకు రమ్మన్నాడు. కాదంటే ఎనభై ఎనిమిది అన్నాడు. అదీ కాదంటే కనీసం పెళ్ళినాడు గేటు దగ్గర రెండు లైట్లు ఎక్కువ వేయమన్నాడు. వేస్తానని మేస్త్రి ఒప్పుకున్నాడు. రెండుసార్లు లెక్కపెట్టి, రసీదు రాసి, సంతకం చేసి, ముద్ర కొట్టి ఇచ్చాడు. వెల్డరు ముద్ర మీద ఊది, తడి ఆరాకే మడిచాడు.

లోపలి గదిలోంచి ఓనరు, ఆ డబ్బు దగ్గరే పెట్టుకోమని చెయ్యి ఊపాడు.

ఇంటికి వెళ్ళేసరికి భార్య నేల మీద కూర్చుని సీరియల్ తీగ ఒళ్ళో వేసుకుని, ఒక్కో బల్బుకీ టెస్టరు ఆనిస్తోంది. వెలగనివాటిని పీకి పక్కనున్న అట్టపెట్టెలో వేస్తోంది. పెట్టె మీద 'పోయినవి' అని రాసి ఉంది. తొంభై వేలూ ఆ పెట్టెలోనే బల్బుల అడుగున పెట్టింది. దొంగ వచ్చినా దాని జోలికి పోడని ఆమె లెక్క. రేపే వెళ్ళి వాయిదాలు కట్టేసి రమ్మంది. మేస్త్రి వద్దన్నాడు. బుధవారం రెండో పార్టీ వస్తుంది, మిగతా తొంభై వేలు చేతికొస్తాయి, మూడు వాయిదాలతో పాటు రాబోయే రెండు కూడా ఒకేసారి ముఖాన కొడితే ఆలస్యపు జరిమానా మాఫీ చేయమని అడగొచ్చు. జరిమానా మూడు వేలు. మూడు వేలంటే ఇరవై మీటర్ల కొత్త తీగ.

"మీ బేరాలు మీవి," అంది భార్య. తర్వాతి బల్బుకు టెస్టరు ఆనించింది.

మంగళవారం ఓనరు నిచ్చెన తెమ్మన్నాడు. హాలు మధ్యలో వేలాడే షాండ్లియరును దింపాలట. ఇరవై నాలుగు కొమ్మలు, కొమ్మకు పద్దెనిమిది గాజు చుక్కలు. దాని కింద నిలబడి ఫొటో తీయించుకోవడానికే ఈ హాలు కావాలనేవాళ్ళున్నారు. దుమ్ము పట్టింది, కడిగిద్దాం అన్నాడు ఓనరు. మేస్త్రి నిచ్చెనెక్కాడు. కింద వాచ్‌మన్ నిచ్చెన కాళ్ళు పట్టుకున్నాడు. గాజు చుక్కలు ఒక్కొక్కటే ఊడదీసి, పాత పేపర్లో చుట్టి, బుట్టలో వేసి తాడుతో కిందికి దింపడానికే మధ్యాహ్నమైంది. కొమ్మలు విప్పి, నడి గొట్టాన్ని భుజం మీద ఆన్చుకుని దిగాక, ఓనరు వచ్చి పైకి చూశాడు.

"ఆ కొక్కెం కూడా తీసెయ్. తీగలు లోపలికి తోసి టేపు చుట్టు."

మేస్త్రి మళ్ళీ ఎక్కాడు. సగం నిచ్చెన మీద అతని కాళ్ళు ఆగాయి. కడగడానికి దింపేవాడు కొక్కెం తీయించడు. తిరిగి తగిలించేవాడు తీగల్ని కప్పులోకి తోయించడు. పై మెట్టు మీద నిలబడి హాలంతా చూశాడు. వేదిక మీద తివాచీ లేదు. వంటగది తలుపు తెరిచే ఉంది గానీ లోపల పెద్ద గుండిగలు పెట్టే చోట గుండ్రటి మరకలే ఉన్నాయి. వెనక రేకుల కింద జనరేటరు ఉండవలసిన చోట నాలుగు బోల్టులు సిమెంటులోంచి పైకి పొడుచుకొచ్చి ఉన్నాయి.

దిగాక వాచ్‌మన్‌ను జీతం వచ్చిందా అని మెల్లగా అడిగాడు. మూడు నెలలైందని వాచ్‌మన్ వేళ్ళు చూపించాడు.

షాండ్లియరును నాలుగు పెట్టెల్లో సర్ది వ్యానులో పెట్టించాడు ఓనరు. షెడ్డులో ఉంచమని, గురువారం తన మనిషి చీటీ పట్టుకొచ్చి తీసుకెళ్తాడని చెప్పాడు. రేపు వచ్చే నర్సు పిల్ల దగ్గర రెండు లక్షల పాతిక వేలు వస్తాయి, అందులో తొంభై నువ్వు తీసుకుని తక్కినది సాయంత్రంలోగా నా చేతిలో పెట్టు అని కూడా చెప్పాడు. భుజం మీద చెయ్యి వేసి చెప్పాడు. ఇన్నేళ్ళలో ఆయన చెయ్యి అతని భుజం మీద పడడం అదే మొదలు.

ఇంట్లో మేస్త్రి అన్నం ముందు కూర్చుని చేయి కడిగేశాడు. భార్య పళ్ళెం తీయకుండా చూస్తూ ఉండిపోయింది.

"ఆయన బోర్డు తిప్పేస్తున్నాడు," అన్నాడు.

"ఎప్పుడు?"

"రేపటి డబ్బు అందగానే."

ఆమె పళ్ళెం పక్కకు జరిపింది. ఆ తర్వాత, వెల్డరు రసీదు మీద సంతకం ఎవరిదని అడిగింది. తనదేనన్నాడు. రేపు డబ్బు కట్టడానికి వచ్చేది ఎవరని అడిగింది. నర్సట అన్నాడు. మనం చెప్పకపోతే ఏమవుతుంది అని ఆమె అడగలేదు. చెబితే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. తీగ ఒళ్ళోకి లాక్కుని బల్బులు చూడసాగింది. వెలిగినదాన్ని కూడా పీకి 'పోయినవి' పెట్టెలో వేసి, మళ్ళీ వెతికి తీసింది.

బుధవారం తొమ్మిదింటికే మేస్త్రి కౌంటరులో కూర్చున్నాడు. ఓనరు లోపలి గదిలో తలుపు తీసిపెట్టుకుని ఫోన్లు చేసుకుంటున్నాడు. మేస్త్రి సొరుగు లాగి కార్డు మిషను బయటికి తీశాడు. వెనక మూత విప్పితే బ్యాటరీ లేదు. సొరుగు మూలలో రబ్బరు ముద్రల కింద దొరికింది. పాడైన మిషనుకు బ్యాటరీ తీసి దాచనక్కరలేదు. దాన్ని లోపల పెట్టి, కౌంటరు కింద ప్లగ్గులో గుచ్చి, మిషనును కాళ్ళ దగ్గర పెట్టుకున్నాడు. చిన్న దీపం ఎర్రగా వెలిగింది. దాని మీద రుమాలు కప్పాడు.

పదింటికి నర్సు వచ్చింది, వెంట ఆమె పిన్ని. నర్సుకు ముప్పై దాటి ఉంటాయి. రాత్రి డ్యూటీ చేసి నేరుగా వచ్చినట్టుంది, కళ్ళ కింద నల్లగా ఉంది. తన పెళ్ళి ఖర్చు తనే పెట్టుకుంటోంది. పిన్ని చంకలో సంచీ ఉంది. కూర్చోకముందే బేరం మొదలుపెట్టింది. పది శాతం ఎవరైనా ఇస్తారు, పన్నెండు చేయమంది. నర్సు మాత్రం ముద్రతో బిల్లు కావాలంది. పెళ్ళి ఖర్చుకు ఇన్సూరెన్సు తీసుకుందామని ఏజెంటును అడిగితే, బిల్లు లేనిది కుదరదన్నాడట.

"చూడు బాబూ, పెళ్ళి కాకముందే ఆగిపోతే ఎంతొస్తుందని అడిగి వచ్చింది," అంది పిన్ని. "ఆ ఏజెంటు మొహం మీదే కాగితం చింపేశాను. శుభమా అని పెళ్ళి చేసుకుంటూ ఆ మాటలేమిటి?"

లోపల ఓనరు ఫోను మాటలు ఆగాయి. వింటున్నాడు. మేస్త్రి రసీదు పుస్తకం తెరిచి, మూసి, లేచి నిలబడ్డాడు.

"లైట్లు నేనే పెడతానమ్మా. ఎక్కడెక్కడ కావాలో ఒకసారి చూపిస్తే, తర్వాత మాట రాదు," అన్నాడు గట్టిగా.

పిన్ని కూర్చునే ఉంది. నర్సు అతని వెనక హాల్లోకి నడిచింది. మధ్యకు వచ్చాక అతను ఆగి, గొంతు తగ్గించాడు.

"పైకి చూడండి."

ఆమె చూసింది. కప్పులో నల్ల టేపు చుట్టిన తీగ కొన, దాని చుట్టూ కొత్తగా గీకిన సున్నం. వేదిక చూసింది. వంటగది చూసింది. రోగి మంచం దగ్గర నిలబడినట్టు, ఏమీ తొందరపడకుండా చూసింది.

"కార్డుతో కట్టండి. నగదు ఇవ్వకండి," అన్నాడు మేస్త్రి. "పని జరగలేదని మీరు బ్యాంకుకు రాసిస్తే, జరిగిందని వీళ్ళు రుజువు చూపాలి. చూపలేకపోతే వెనక్కి లాగుతారు. నా దగ్గర లాగారు, అందుకే తెలుసు."

"కట్టకుండా వెళ్ళిపోతే?"

"బుక్ చేసినప్పుడు లక్ష నగదు ఇచ్చారా, కార్డా?"

"కార్డే."

"ఈ రోజు గడువు. కట్టకపోతే మీరే తప్పుకున్నారని ఆ లక్షకు నీళ్ళొదిలిస్తాడు. పూర్తిగా కట్టిన రసీదు మీ చేతిలో ఉండాలి."

ఆమె అతని మొహంలోకి చూసింది. అది మంచి చూపు కాదు. ఎవడైనా మేలు చేస్తున్నానని వస్తే, వాడికెంత మిగులుతుందో ముందు లెక్కేసుకునే చూపు. మేస్త్రికి ఆ చూపు తెలుసు, తను రోజూ చూసేదే.

"ఇందులో మీకేమిటి?" అంది.

"తొంభై వేలు పోతాయి."

ఇద్దరూ తిరిగి వచ్చేసరికి ఓనరు బయటికొచ్చి కౌంటరు దగ్గర కూర్చుని ఉన్నాడు. పిన్ని పన్నెండు శాతానికి ఒప్పించి, సంచీ విప్పి, కట్టలు బల్ల మీద వరసగా పేరుస్తోంది. ఓనరు మొదటి కట్ట అందుకుని బొటనవేలు తడి చేసుకున్నాడు.

"పిన్నీ, ఆ డబ్బు లోపల పెట్టు," అంది నర్సు. "కార్డు మీద కడతాను. ఆసుపత్రిలో పెళ్ళి అడ్వాన్సు కావాలంటే కార్డు చీటీ చూపించమన్నారు."

"పన్నెండు శాతం," అంది పిన్ని. "ముప్పై వేలు. నీకేమైనా పిచ్చి పట్టిందా? ఇంత సేపూ నా నోరు నొప్పెట్టేలా ఎవరికోసం మాట్లాడినట్టు?"

ఓనరు నవ్వుతూ, కార్డైతే తమకూ ఇష్టమేనని, మిషను పాడవడమే చిక్కని అన్నాడు.

"బాగు చేశాను సార్," అన్నాడు మేస్త్రి. కౌంటరు కిందికి వంగి, రుమాలు తీసి మిషను బల్ల మీద పెట్టాడు. "బ్యాటరీ ఊడి ఉంది. అంతే."

ఓనరు మిషను వైపు చూడలేదు, మేస్త్రి వైపే చూశాడు. చేతిలో కట్ట ఇంకా అలాగే ఉంది. కాదంటే ఎందుకు కాదంటున్నాడో చెప్పాలి, ఆ ఆడవాళ్ళు కుర్చీల్లోంచి లేస్తారు, వీధిలో మాట పాకుతుంది. నర్సు కార్డు తీసి ఇచ్చింది. మేస్త్రి గీకాడు. లైను దొరకలేదు. మళ్ళీ గీకాడు. మిషను చక్రం తిప్పుతూ కూర్చుంది.

"చెప్పానుగా," అన్నాడు ఓనరు, రెండో కట్ట అందుకుంటూ.

మేస్త్రి మిషను పట్టుకుని కిటికీ దగ్గరికి నడిచాడు. చెయ్యి ఊచల్లోంచి బయటికి చాపి పట్టుకున్నాడు. వెనక పిన్ని, కార్డు మీద వీడికెంత కమీషనో కనుక్కో, అని నర్సుతో అంటోంది. అతను తిరిగి చూడలేదు. మిషను కూసింది. అడుగున మిగిలిన కాస్త కాగితం మీద రెండున్నర లక్షలని సగం సగం అచ్చయి బయటికొచ్చింది. మేస్త్రి రసీదు రాసి, తేదీ వేసి, ముద్ర కొట్టి, రెండూ కలిపి నర్సు చేతిలో పెట్టాడు. అప్పటిదాకా ఓనరు చేతిలో ఉన్న కట్టల్ని పిన్ని తనే లాక్కుని సంచీలో వేసుకుంది.

వాళ్ళు గేటు దాటాక ఓనరు కోప్పడలేదు. ఆ ఖాతాలో పడే ప్రతి పైసా మీదా అప్పులవాళ్ళ చెయ్యి ఉంటుందని, తన చేతికి గాని మేస్త్రి చేతికి గాని చిల్లర కూడా రాదని, లెక్క చెప్పినట్టు చెప్పాడు.

"నీ బాకీ నువ్వే తగలబెట్టుకున్నావు మేస్త్రీ."

గురువారం హాలు గేటుకు తాళం పడింది. వాచ్‌మన్ కుర్చీ కూడా లేదు. మేస్త్రి అటు వెళ్ళాలని షెడ్డులో వ్యాను తలుపు తీస్తే, పక్క సీటు మీద 'పోయినవి' అట్టపెట్టె ఉంది. భార్య పెట్టింది. ఎందుకు పెట్టావని అతను అడగలేదు, ఆమె వాకిట్లోకి కూడా రాలేదు.

గేటు ముందు వెల్డరు ఒక్కడే నిలబడి తాళాన్ని చేత్తో తిప్పి చూస్తున్నాడు, అలాంటి గేట్లు ఎన్ని చేశాడో. వీపు ఇటు ఉంది. మేస్త్రి వ్యాను వెనక్కి తిప్పుకుని పోతే అతనికి తెలియదు. ఇంజను ఆపకుండా కొంతసేపు కూర్చున్నాడు. లక్షా ఎనభై వేలు ఓనరు బాకీ. అందులో సగం ఈ వెల్డరు ఎందుకు తీర్చాలో ఎన్నిసార్లు కూడినా లెక్క కుదరలేదు.

"అన్నా, ఇటు రా," అని పిలిచాడు.

వెల్డరు బల్బుల అడుగునుంచి కట్టలు తీసి, తన ఇనుప తీగను తనే గుర్తుపట్టి, రెండుసార్లు లెక్కపెట్టుకున్నాడు. మెచ్చుకోలు ఏమీ లేదు. బుకింగు నాడు ఓనరుకిచ్చిన నలభై వేలు ఎవరిస్తారని నిలదీశాడు. అది తన చేతికి రాలేదని మేస్త్రి చెప్పాడు. అది కూడా నగదేనా అని అడిగితే వెల్డరు నీళ్ళు నమిలాడు. తగ్గింపు ఇస్తానన్నాడని గొణిగాడు. కాసేపటికి, కూతురికి ఇంకా చెప్పలేదన్నాడు.

ఆ మధ్యాహ్నమే చీటీ పట్టుకుని ఓనరు మనిషి చిన్న లారీతో వచ్చాడు. షాండ్లియరును ఇంకో ఊరి హోటలుకు అమ్మారట. మేస్త్రి పదకొండు పెళ్ళిళ్ళ తేదీలూ రాసిన కాగితం అతని చేతికిచ్చి, లక్షా ఎనభై వేలు తెచ్చినవాడు నాలుగు పెట్టెలూ తీసుకెళ్ళొచ్చని, అప్పటిదాకా ఒక్క గాజు చుక్క కూడా పగలదని చెప్పాడు. వచ్చినవాడు ఫోను చేశాడు. అవతల ఎవరూ ఎత్తలేదు. లారీ ఖాళీగా వెళ్ళిపోయింది.

శుక్రవారం ఫైనాన్సు మనిషి వచ్చాడు. మేస్త్రి వ్యానులోంచి నిచ్చెన, తాళ్ళు, అట్టపెట్టె దింపుకుని తాళంచెవి ఇచ్చాడు. డీజిలు ముందు రోజే నాలుగు వందలది పోయించాడు. అది ఎలా తీయాలో తెలియలేదు.

శనివారం సాయంత్రం నర్సు, పిన్ని షెడ్డుకు వచ్చారు. బ్యాంకులో ఫిర్యాదు తీసుకుని నంబరు ఇచ్చారట. మూటా ముల్లె సర్దుకుపోయిన హాలు ఫొటో, ముద్రున్న రసీదు, కార్డు చీటీ జతచేశారు. ముప్పై రోజులు పట్టొచ్చన్నారు, తప్పకుండా వస్తుందని మాత్రం అనలేదు. పెళ్ళి ఆపడం లేదు. నర్సు పనిచేసే ఆసుపత్రి వెనక ఖాళీ స్థలం ఉంది, అక్కడ కుర్చీలు వేసి చేస్తారు. లైట్లు కావాలి.

మేస్త్రి నలభై వేలు చెప్పాడు. పిన్ని ఒక స్టూలు లాక్కుని కూర్చుంది.

"నీ వల్ల ముప్పై వేల తగ్గింపు పోయింది మేస్త్రీ. అది ఇందులో తగ్గించు."

"అమ్మగారూ, అప్పుడు నగదిచ్చి ఉంటే మొత్తం పోయేది."

"పోలేదుగా. పోయింది తగ్గింపు ఒక్కటే."

ఇరవై ఏళ్ళ వ్యాపారంలో మేస్త్రి అలాంటి లెక్క వినలేదు. ముప్పై ఆరు వేలకు తెగింది. నర్సు పది వేలు అడ్వాన్సు ఇస్తానని కార్డు తీసి, తలుపు మీది బోర్డు వైపు చూసి ఆగింది. మేస్త్రి స్టూలెక్కి బోర్డు ఊడదీశాడు. మేకు తలుపులోనే ఉండిపోయింది. పిన్ని మూలనున్న పెట్టెల్లోంచి ఒక గాజు చుక్క తీసి వెలుతురుకు పట్టి చూసి, ఇది కూడా పెళ్ళికి వేలాడదీయమంది. అది తనది కాదని, బాకీ కింద ఆపుకున్నదని మేస్త్రి చెప్పాడు.

"ఆపుకున్నది వెలగకూడదని ఉందా?" అంది పిన్ని. చుక్కను జాగ్రత్తగా పేపర్లో చుట్టి తిరిగి పెట్టింది.

వాళ్ళు వెళ్ళేటప్పటికి వాకిట్లో వెల్డరు నిలబడి ఉన్నాడు. పాత గొట్టాలతో అతికిన నాలుగు చక్రాల తోపుడు బండి తెచ్చాడు. ఊరికే కాదు. ఎనిమిది వేలని చిన్న కాగితం మీద రాసి తెచ్చాడు, కూతురి పెళ్ళికి లైట్లు పెట్టినప్పుడు అందులో మినహాయించుకుంటాడట. గేటు దగ్గర వేస్తానన్న రెండు ఎక్కువ లైట్లు మాత్రం ఈ లెక్కలోకి రావని గుర్తు చేశాడు.

మేస్త్రి పుస్తకం తీశాడు. నర్సు కార్డు మీద వచ్చిన పది వేలు ఉన్నదాని కింద రాయబోయి ఆగాడు. పెళ్ళినాడు లైట్లు వెలిగేదాకా అవి తనవి కావు. పక్క కాగితం మీద రాశాడు. లక్షా ఎనభై వేల బాకీని కూడా ఈసారి అక్కడికే మార్చాడు. ఉన్నదాని కింద ఇవి మిగిలాయి: పన్నెండు వేల నగదు, ఆరు వందల మీటర్ల వెలిగే తీగ, అప్పు మీద వచ్చిన తోపుడు బండి, రెండు పెళ్ళిళ్ళ పని.

లాభమెంతో చెప్పమని భార్య టెస్టరు ఆనిస్తూనే అడిగింది. నగదులో చూస్తే నాలుగు వందలు తక్కువని చెప్పాడు. ఆమె తల పైకెత్తకుండా, పొద్దుట్నుంచీ పోయినవాటిలో వెతికితే పదకొండు మీటర్లకు సరిపడా మంచి బల్బులు దొరికాయంది. అతను ఆరు వందలు కొట్టేసి, ఆరు వందల పదకొండు అని రాశాడు.